తోక చక్రానికి పట్టని కమ్మీ

తొమ్మిదీ నలభై.

డిటెక్టివ్ చేతిగడియారం చూసుకోవడం అది నాలుగోసారి. పదిన్నరకి పోలీసు జీపు కదులుతుంది. మెకానిక్‌ని అందులో ఎక్కించేశారు. ఒకసారి మనిషి కాగితాల మీదికి ఎక్కాక కిందికి దించడం ఎంత పనో ఆమెకి తెలుసు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఫ్లయింగ్ క్లబ్బు గదిలో ఆ గోడకీ ఈ గోడకీ తిరుగుతూ, చేతిలోని ఉక్కు టేపుని టక్కున లాగుతూ, వదులుతూ ఉంది.

ఆ టేపు ఆమె పాత ఉద్యోగం నాటిది. ఇరవై రెండేళ్ళు తూనికలు కొలతల శాఖలో చేసింది. దొంగ త్రాసులు పట్టుకుని పట్టుకుని విసుగెత్తి, రాజీనామా ఇచ్చి, మనుషుల మాటలు తూచే పనిలో పడింది.

జరిగింది చెప్పుకోవడానికి చిన్నదే. అందరూ కెప్టెన్ అని పిలిచే అరవయ్యేడేళ్ళ పైలట్, ఈ పొద్దున ఆరుంబావుకి తన రెండు సీట్ల విమానం తోక పక్కన తల పగిలి పడివున్నాడు. పక్కనే రక్తం అంటిన టో బార్ ఉంది. విమానాన్ని నేల మీద లాగడానికి తోక చక్రానికి తగిలించే ఇనప కమ్మీ అది. కెప్టెన్ ఇంకా స్పృహలోకి రాలేదు. ఎనిమిదింటికి ఆయన అక్క ఆస్పత్రి నుంచి డిటెక్టివ్‌కి ఫోన్ చేసింది.

"మెకానిక్ ఏ పాపం ఎరగడమ్మా. వాణ్ణి ఎలాగైనా విడిపించు."

ఎలా తెలుసని అడిగితే ఏడ్చింది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

"డాక్టరుగారూ, మళ్ళీ మొదట్నుంచి చెప్పండి," అంది డిటెక్టివ్.

కిటికీ దగ్గర నిలబడ్డ పళ్ళ డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ విమానంలో సగం వాటా ఆయనది, నడపడమూ వచ్చు. కెప్టెన్‌తో పదిహేనేళ్ళ స్నేహం.

"ఇప్పటికి మూడుసార్లు చెప్పానండీ."

"పోలీసులకి చెప్పారు. నాకు చెప్పలేదు. నోరు తెరవమంటే తెరిచేదాకా ఊరుకోని వృత్తి మీది. ఇవాళ నా వంతు."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "ఆరూ అయిదుకి వచ్చాను. ఇక్కడే నించున్నా. ఆరూ పదికి కెప్టెన్ షెడ్డు గోడకున్న టో బార్ తెచ్చాడు. వంగి తోక చక్రానికి తగిలించాడు. లాగాడు. తోక షెడ్డు బయటికి వచ్చింది. నేను కాఫీ కలుపుకుందామని ఇటు తిరిగా. ఇంతలో ధడేల్‌మని చప్పుడు. పరిగెత్తా. ఆరూ పదహారుకి అంబులెన్సుకి ఫోన్ చేశాను."

"తగిలించాడంటే ఎలా?"

"ఎలా ఏముందండీ, ఎప్పుడూ తగిలించేట్టే. రెండు కొక్కేలూ చక్రానికి అటొకటి ఇటొకటి పెట్టి, మీట నొక్కాడు. క్లిక్‌మంది."

"ఇక్కడికి వినిపించిందా?"

డాక్టర్ కళ్ళు మూసివున్న కిటికీ అద్దం మీదికి వెళ్ళొచ్చాయి. "వినిపించలేదు… చూశా. పదిహేనేళ్ళుగా వింటున్న చప్పుడు. చూస్తే చాలు, విన్నట్టే ఉంటుంది."

"మెకానిక్ ఎప్పుడు కనిపించాడు?"

"నేను అరిచాక. వర్క్‌షాప్‌లోంచి పరిగెత్తుకొచ్చాడు. కెప్టెన్‌ని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. బార్ తీసి అవతల పడేశాడు."

"ఈ మాట పోలీసులకి చెప్పారా?"

"చెప్పాను. వాళ్ళు వినదల్చుకున్నంతే విన్నారు."

అంటూ ఆయన కళ్ళజోడు మళ్ళీ తీశాడు. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

డిటెక్టివ్ మెట్లు దిగేసరికి ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు. ఆమె భర్తకి తమ్ముడు. ఇంట్లో వదిన వడ్డిస్తే తల వంచుకుని తినే మనిషి. బయట ఆమె కనబడితే మాత్రం మీసం సవరించుకుంటాడు.

"వదినా, మీరొచ్చారంటే ఇవాళ నా పని ఆలస్యమైనట్టే."

"తప్పయ్యేకంటే ఆలస్యమవడం నయం కదయ్యా."

"తప్పేముంది ఇందులో? నిన్న సాయంత్రం నాలుగింటికి కెప్టెన్ అందరి ముందూ మెకానిక్‌ని తిట్టాడు. వారం రోజులుగా పని సాగదీస్తున్నావు, రేపట్నుంచి రావద్దన్నాడు. పొద్దున కెప్టెన్ వంగి బార్ లాగుతున్నప్పుడు వీడు వెనక నుంచి వచ్చి, అదే బార్ లాక్కుని కొట్టాడు. బార్ మీద రక్తం ఉంది, వీడి వేలిముద్రలు ఉన్నాయి. ఇంకేం కావాలి?"

"రావద్దన్నాక వీడు ఆరింటికే ఎందుకొచ్చాడు?"

"కొట్టడానికి!"

"కొట్టడానికొచ్చినవాడు గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి మరీ వస్తాడా?"

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించాడు. "మీరు కూరగాయల త్రాసులు పట్టుకున్నంత తేలిక కాదు వదినా ఇది. పదిన్నరకి బయల్దేరుతున్నా. అంతే."

వాళ్ళిద్దరూ జీపు దాటుతుండగా లోపల్నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"మేడమ్! ఆ బార్ పట్టదండీ!"

"నువ్వు నోర్ముయ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ ఆగిపోయింది. జీపు వెనక తలుపు పట్టుకుని లోపలికి వంగింది. మెకానిక్‌కి నలభై ఏళ్ళుంటాయి. గోళ్ళ నిండా గ్రీజు, చొక్కా నిండా ఎండిన రక్తం.

"ఏం పట్టదు?"

"ఆ బార్ ఆ చక్రానికి పట్టదండీ. పొద్దుట్నుంచీ అదే చెబుతున్నా, ఒక్కరూ వినరే! తిట్లు తిన్నాక పంతానికి కూర్చుని నిన్న అయిదింటికల్లా తోక చక్రం మార్చేశా. కొత్తది లావు. దాన్ని పట్టుకునే ఫోర్కు కూడా వెడల్పు. పాత బార్‌కి నోరు చాలదు. రాత్రే ఫోన్ చేసి కెప్టెన్‌గారికి చెప్పా, బార్ జోలికెళ్ళకండి, పొద్దున్నే వచ్చి కొత్త కొక్కేలు చేసిస్తానని. మంచిదిరా అన్నారు. తిట్టిన నోటితోనే అన్నారండీ."



డిటెక్టివ్ వర్క్‌షాప్‌ వైపు అడుగులు వేయలేదు, పరిగెత్తింది. లేత్ మిషనుకి సగం చెక్కిన కొక్కెం పిన్ను ఒకటి ఇంకా బిగించే ఉంది. కింద ట్రేలో కొత్తగా రాలిన ఇనప చుట్టలు. గోడ మీద సుద్దతో ఒక అంకె: నూట ముప్ఫై రెండు.

అక్కణ్ణుంచి షెడ్డుకి. విమానం ముక్కు లోపల, తోక బయట. తలుపు గీత దాటి ఆరడుగులు వచ్చి ఆగిపోయింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగింది. చక్రానికి అటు నుంచి ఇటు, ఫోర్కు చివర్ల మధ్య నూట ముప్ఫై రెండు మిల్లీమీటర్లు. ఆ తర్వాత గుడ్డలో చుట్టి ఉంచిన టో బార్ తెప్పించి, దాని రెండు కొక్కేలనీ మీట ఎంత వస్తే అంత తెరిచింది. నూట పది. ఆ పైన ఒక్క వెంట్రుకవాసి కూడా రాలేదు.

"డాక్టరుగారిని పిలవండి," అంది లేవకుండానే.

డాక్టర్ వచ్చాడు. ఆమె బార్ ఆయన చేతికిచ్చింది.

"కెప్టెన్ ఎలా తగిలించాడో ఒకసారి చూపించండి."

"నేనెందుకండీ…"

"మీరే కదా చూసింది."

ఆయన వంగాడు. ఎడమ కొక్కెం పెట్టాడు. కుడిది పెట్టబోతే ఫోర్కు అడ్డొచ్చింది. కుడిది పెట్టి ఎడమది ప్రయత్నించాడు. బార్ తిరగేశాడు. మీట మళ్ళీ మళ్ళీ నొక్కాడు. 

"ఇటివ్వండి," అని ఇన్‌స్పెక్టర్ లాక్కున్నాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. ఇరుకు గుమ్మంలోంచి మంచాన్ని దూర్చేవాడిలా మొహం ఎర్రబడేదాకా తోశాడు. కొక్కెం జారి ఆయన బూటు మీద పడింది. ఒంటికాలి మీద రెండు గంతులు వేశాడు. కానిస్టేబుళ్ళు మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

"తగిలిందా మరిదీ?"

"కాలికి తగిలింది," అన్నాడు పళ్ళు నూరుతూ.

డిటెక్టివ్ లేచి నిలబడింది. "ఈ చక్రానికి ఈ బార్ ఇవాళ ఎవరూ తగిలించలేదు. తగిలించలేరు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, కెప్టెనూ మెకానిక్కూ. కాబట్టి బార్ తెచ్చి ఇక్కడ పెట్టింది వాళ్ళిద్దరూ కాదు. చక్రం మారిందని తెలియని మనిషెవరో తెచ్చారు. డాక్టరుగారూ, ఆరూ పదికి మీరు కిటికీలోంచి చూసిందేమిటి?"

డాక్టర్ తోక మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఏమీ చూడలేదు. నేను కిటికీ దగ్గరికే వెళ్ళలేదు. కారు దిగి తిన్నగా ఇటే వచ్చా. కెప్టెన్ కింద పడున్నాడు. వాళ్ళక్క పక్కన కూర్చుని కొంగుతో తల అదిమి పట్టుకుంది."

"అక్కగారా?" ఇన్‌స్పెక్టర్ గొంతు లేచింది. "ఆవిడ పేరు గేటు పుస్తకంలో లేదే!"

"వాళ్ళిల్లు వెనక వైపే. చిన్న గేటులోంచి నడిచి వస్తుంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తుంటే నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. తను ఇక్కడ ఉన్నట్టు ఎవరికీ చెప్పొద్దంది. బార్ జారి పడ్డాడని చెబితే సరిపోతుందని… నాకే తోచింది. గోడకున్న బార్ తెచ్చి ఆ రక్తంలోనే పెట్టా. ఆవిడ వెళ్ళిపోయాక మెకానిక్‌ని కేకేశా. వాడొచ్చి ఎత్తుకుంటాడనీ, ఆ రక్తం వీళ్ళకి ఇలా కనబడుతుందనీ నేను అనుకోలేదండీ."

"వాణ్ణి జీపెక్కిస్తుంటే చూస్తూ నించున్నారే!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆయన తల వంచుకున్నాడు. "నించున్నాను."

డిటెక్టివ్ అప్పటికే ఫోన్ చెవికి ఆనించింది. రెండో రింగుకే అవతల గొంతు పలికింది. ఈమె ఏమీ అడగకముందే.

"తెలిసిపోయిందా?"

"డాక్టరుగారు చెప్పారు. మీరు చెప్పండి అక్కగారూ. ఏం జరిగింది?"

"నెలలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాడమ్మా తమ్ముడు. ఎగరొద్దని డాక్టర్లు చెప్పారు. ఆ సంగతి బయటపడితే లైసెన్సు పీకేస్తారని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పొద్దున లేచేసరికి ఇంట్లో లేడు. గుండె జారిపోయింది. పరిగెత్తుకుంటూ వచ్చా. తోక రెండు చేతులతో పైకెత్తి పట్టుకునున్నాడు. ఎగరబోతున్నాడనుకుని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగా. పట్టు తప్పి వెల్లకిలా పడ్డాడు. తోక వాడి తల మీద పడింది." ఊపిరి అందుకుంది. "నేనే చేశానమ్మా. మెకానిక్‌ని పట్టుకున్నారని తెలిశాక కూడా ఆ మాట నోట్లోంచి రాలేదు. నువ్వొస్తే ఎలాగూ కనిపెడతావని నిన్ను పిలిచా."

"తోక ఎత్తుతూ ఆయనేమైనా అన్నారా?"

"ఆగవే అక్కా, చూడనీ, అన్నాడు. అంతే."

"ఏం చూడాలట?"

"ఏమో. నేను విననిస్తేగా."

ఫోన్ పెట్టేసి డిటెక్టివ్ విమానం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టర్ ఆమె వెనకే నడిచాడు. "అయితే ప్రమాదమే కదా వదినా. సరే, ఒప్పుకుంటున్నా. మెకానిక్‌ని దింపేస్తా. ఇంక వదిలెయ్యండి."

"వదలడానికి లేదు. ఇది చూడు." ముందు చక్రాలకి వెనకా ముందూ చెక్క దిమ్మలు బిగించి ఉన్నాయి. "ఎగరబోయేవాడు విమానాన్ని ఆరడుగులు జరిపి చక్రాలకి దిమ్మలు పెట్టుకుంటాడా? ఈ పీట చూడు. తోక ఎత్తి దీని మీద ఆనించాలనుకున్నాడు. అక్కగారు లాగడంతో దొర్లిపోయింది. ఆయనకి ఎగిరే ఆలోచనే లేదు. తోకని వెలుతురులోకి తెచ్చుకున్నాడు, అంతే."

"దేనికి?"

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని నేల మీద వెల్లకిలా పడుకుని తోక కిందికి జరిగింది. మెకానిక్‌ని పిలిపించమని లోపల్నుంచే అరిచింది. ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం తటపటాయించి కానిస్టేబుల్‌కి సైగ చేశాడు.

"ఇదేమిటి?" తోకని కుడికీ ఎడమకీ తిప్పే ఉక్కు కేబుల్ మీద ఆమె వేలు ఆగింది. అది విమానం ఒంట్లోంచి బయటికొచ్చే చోట, రెండంగుళాల మేర నల్ల టేపు చుట్టి ఉంది.

మెకానిక్ బోర్లా పడుకుని చూశాడు. "ఇది నేను చుట్టలేదండీ. నిన్న చక్రం మార్చాక రెండు కేబుళ్ళూ వేళ్ళతో తడిమి గ్రీజు రాశా. అప్పుడు టేపు లేదు."

"విప్పు."

అతను గోటితో అంచు లేపి నెమ్మదిగా విప్పాడు. ఏడు పేటల కేబుల్. నాలుగు పేటలు తెగి ఉన్నాయి. మిగిలిన మూడూ సాగి సన్నబడ్డాయి.

"అరిగి తెగితే చీపురు కట్టలా విచ్చుకుంటుందండీ," అన్నాడు అతను గుసగుసగా. "ఇది కట్టర్‌తో కొరికింది. కొసలు చూడండి, ఎలా మెరుస్తున్నాయో. పైకి లేచేటప్పుడు ఏమీ తెలియదు. దిగేటప్పుడు కాలితో పెడల్‌ని ఒక్కసారి గట్టిగా తొక్కితే మిగతా మూడూ పుటుక్కుమంటాయి. తోక బొంగరంలా తిరిగిపోతుంది."

డిటెక్టివ్ బయటికి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము. దులుపుకోలేదు.

"కెప్టెన్ పొద్దున్నే ఇది కనిపెట్టాడు. సరిగ్గా చూద్దామని వెలుతురులోకి తెచ్చాడు. ఇవాళ ఈ విమానం ఎవరు నడపాలి?"

పళ్ళ డాక్టర్ దొర్లిపోయిన పీట లేపుకుని దాని మీద కూలబడ్డాడు.

"నేను. ఏడింటికి. నేనూ మా అమ్మాయీ."

"ఎక్కడికి?"

"కొండకి అవతల, అల్లుడివాళ్ళ ఊరికి. అల్లుడు కారులో వెనకాల వస్తానన్నాడు. ఇందులో రెండే సీట్లు కదా."

"విమానంలో వెళ్ళాలన్నది ఎవరి ఆలోచన?"

"అల్లుడిదే. కారెక్కితే అమ్మాయికి కడుపులో తిప్పుతుంది, మీరు విమానంలో తీసుకెళ్ళండి మామయ్యా అని రెండు రోజులుగా పట్టుపట్టాడు."

"షెడ్డు తాళంచెవి?"

"కెప్టెన్ దగ్గరొకటి. మా ఇంట్లో గుమ్మం పక్క మేకుకి ఒకటి." ఆయన తల ఎత్తి గేటు వైపు చూశాడు. "నిన్న సాయంత్రం అల్లుడు నడిచొస్తానని వెళ్ళి గంటన్నరకి వచ్చాడు. మెకానిక్ ఇంటికెళ్ళిపోయాక… ఏడయి ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ టోపీ తలకి పెట్టుకున్నాడు. ఈసారి మీసం జోలికి పోలేదు. "ఇప్పుడెక్కడున్నాడు?"

"విమానం కుదరదని నేను ఫోన్ చేసి చెప్పగానే, అయితే కారులోనే తీసుకెళ్ళిపోతానన్నాడు. ఎనిమిదింటికి బయల్దేరారు."

"అమ్మాయితోనా?"

"అమ్మాయితోనే."

పదీ పాతిక. డిటెక్టివ్ ఆయన ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "అమ్మాయికి చెయ్యండి. స్పీకర్ పెట్టండి. ఇక్కడ ఏమీ జరగనట్టు మాట్లాడండి."

నాలుగు రింగులు. అయిదు. ఆరోదానికి ఎవరో ఎత్తారు. ఇంజిను రొద, గాలి హోరు.

"చెప్పండి మామయ్యా," అంది మగగొంతు, ప్రశాంతంగా.

డాక్టర్ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అమ్మాయికివ్వు బాబూ."

"పడుకుంది మామయ్యా. బయల్దేరిన దగ్గర్నుంచీ మంచి నిద్ర. లేపడమెందుకు? లేచాక చేయిస్తాలెండి."

ఫోన్ కట్టయింది.

ఇన్‌స్పెక్టర్ జీపు వైపు పరిగెత్తుతూ కొండ దారి మీద నాకాబందీ పెట్టమని కానిస్టేబుళ్ళ మీద అరుస్తున్నాడు. డిటెక్టివ్ డాక్టర్ భుజం పట్టుకుని కుదిపింది. "చెప్పండి! నిజంగా నిద్రపోయి ఉంటుందా?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు.

"కారెక్కితే కిటికీ దించుకుని, రెండు చేతులతో తలుపు పట్టుకుని కూర్చుంటుందమ్మా మా పిల్ల. ఈ ముప్ఫై ఏళ్ళలో కారులో ఒక్కసారి కూడా కన్ను మూయలేదు."